ఏ కార్తెలో వానప్పా?

మనసును గురించి పెద్ద చదువు చదివిన ఒక పండితుణ్ణి నేను ఒక్కటంటే ఒక్క ప్రశ్నతో నోరు మూయించాను. మా ఊరి బడి ముందర, నాలుగు వందల మంది చూస్తుండగా. ఆయన తెచ్చుకున్న బొమ్మల అట్టలు పెట్టెలో పడేసుకుని మధ్యాహ్నం బస్సుకే అనంతపురం దారి పట్టాడు. మళ్లీ మా వైపు తొంగి చూడలేదు.

ఈ ముక్క అరవై ఏళ్లుగా చెబుతున్నాను. మొదట్లో చూసినవాళ్లు నలభై మంది. పెళ్లి పందిళ్లలో చెప్పేసరికి వంద దాటింది. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు, అప్పుడు నాలుగు వందలయింది. ఆ రోజుల్లో మా ఊళ్లో చంటిపిల్లల్ని కలుపుకున్నా అంతమంది లేరు. ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే చేయి ఆడటం లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడ పెంచానో అక్కడ ఒప్పుకుంటాను. అన్ని చోట్లా ఒప్పుకుంటానని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఇంత వయసులో ఇది రాయడానికి కారణం ఒక కోపం. ఈ మధ్య ఎవరి ముందరైనా ‘దిగులుగా ఉంది’ అంటే చాలు, ‘దాన్ని డిప్రెషన్ అంటారు తాతా’ అని నా మాటను దిద్దుతున్నారు. మా మాటేదో మాసిన బట్ట అయినట్టు, వాళ్లు ఉతికి తెచ్చి ఇస్తున్నట్టు. నేను తీసుకోను. దిగులును దిగులనే అంటాను. ఆ మాటను కొట్టేయాలని ఇదివరకే ఒకసారి ప్రయత్నం జరిగింది. కొట్టేసినవాళ్లలో నేనూ ఉన్నాను. దాని వల్ల మా అక్కకు కన్నబిడ్డ దక్కకుండా పోయేది. అది చెప్పాలి.

యాభైల చివర్లో నేను అనంతపురంలో పంతులు ట్రైనింగులో చేరాను. మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే లెక్చరరు కోస్తా నుంచి వచ్చినాయన. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తెల్లచొక్కా, నిదానమైన గొంతు. మా ఎండ కొత్త కావడంతో పాఠం చెబుతూ చెబుతూ ముక్కులోంచి రక్తం కారేది. జేబురుమాలు ముక్కుకు అదుముకుని, తల పైకెత్తి, అట్లాగే పాఠం సాగించేవాడు. ఆ ఒక్క పనితో ఆయన మీద నాకు భక్తి కుదిరింది.

మొదటి రోజు మమ్మల్ని అడిగాడు. “మీ ఊళ్లలో మనసు గురించి ఏయే మాటలు వాడతారో చెప్పండి.”

మేము ఎగబడ్డాం. దిగులు, బెంగ, మంకు, బెదురు, తిక్క, కడుపుమంట. నల్లబల్ల నిండిపోయింది.

“దిగులుకీ బెంగకీ తేడా ఏమిటి?” అన్నాడు ఆయన.

యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఒకతను లేచాడు. “బెంగంటే మనిషి రాలేదని సార్. వస్తే పోతాది. దిగులు మనిషి వచ్చినా పోదు.”

లెక్చరరు బాగుంది అన్నట్టే తల ఊపాడు. తర్వాత డస్టరు తీసుకుని పై నుంచి కిందికి బల్లంతా తుడిచేశాడు. “బాగానే చెప్పారు. కానీ దీన్ని కొలవలేం. కొలవలేనిది శాస్త్రంలోకి రాదు. ఈ మాటలన్నీ ఈ గుమ్మం బయటే వదిలి రండి.” అని చెప్పి, తుడిచిన చోట అవధానం, స్మృతి, ప్రేరణ, ప్రజ్ఞ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

నాకు ఒళ్లు పులకరించింది. మా ఊళ్లో ప్రతివాడూ వాడే మాటలు నాకెందుకు? ఎవడికీ తెలియని నాలుగు మాటలు ఉంటే చాలు, రచ్చకట్ట మీద నా పక్కన ఎవడూ కూర్చోలేడు. నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. ఎండాకాలం సెలవులకు బత్తలపల్లె దగ్గర బస్సు దిగి, మా ఊరికి నడుస్తూ, ఎదురైన ప్రతి మనిషి ప్రజ్ఞనూ మనసులోనే కొలుచుకుంటూ పోయాను. నా ప్రజ్ఞ సంగతి అడగవద్దు.

ఇంటికి పోయేసరికి అక్క ఉంది.

అక్క నాకన్నా మూడేళ్లు పెద్దది. ఉరవకొండ వైపు ఒక పల్లెకు ఇచ్చాం. ఒక ఆడపిల్ల, నాలుగేళ్లది. ఆ తర్వాత పుట్టిన మగబిడ్డ సంవత్సరం నిండకుండానే జ్వరమొచ్చి పోయాడు. అప్పటి నుంచి అక్క మాట్లాడటం మానేసింది. పెడితే తింటుంది, చేతికి పని ఇస్తే చేస్తుంది, మాట మాత్రం లేదు. ఉగాది దాటగానే బావ బండిలో తీసుకొచ్చి, ట్రంకుపెట్టె దించి, “బాగయినంక పిలుచుకోని పోతా” అని వెళ్లిపోయాడు. పాపను తీసుకురాలేదు. “పాప వాళ్లవ్వకు మరిగింది, ఈడికొస్తే ఏడుస్తాది” అన్నాడట.

ఇంట్లో మనసు గురించి అప్పటికే మూడు శాస్త్రాలు నడుస్తున్నాయి.

నాయనది మంకు శాస్త్రం. “చిన్నప్పటి నుంచి అంతే ఇది. మేకను అమ్మినానని రెండు దినాలు కూడు ముట్టలేదు. కదిలించద్దండి, అదే దిగొస్తాది.”

అమ్మది దిగులు. “కడుపులో బిడ్డను మన్నులో పెట్టినంక నవ్వుతా తిరుగుతాదా? దాన్ని ఒంటరిగా వదలకండి, అంతే నాకు తెలిసింది.”

మూడోది బావ వాళ్లింటిది. గాలి సోకిందన్నారు. కాల్చిన పసుపుకొమ్ము ముక్కు కింద పెట్టి, పేరు చెప్పు పేరు చెప్పు అని నిలదీశారు. అక్క పైపెదవి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మన పాత మాటలన్నీ బంగారమని నేను అనడం లేదు. ఆ మచ్చను చూసినవాడు ఎవడూ అనడు.

అయినా ఒకటి గమనించండి. ఈ మూడింటిలో ఏది నమ్మినా చేయవలసిన పని ఒకటి ఉంది. మంకయితే కదిలించకూడదు, దిగులయితే తోడుండాలి, గాలి అయితే తరమాలి. నేను తెచ్చిన నాలుగో శాస్త్రంలో చేయవలసిన పనే లేదు. పేరు పెడితే అయిపోయింది. అందుకే నాకు అది అంత సులభంగా పట్టుబడింది.

ఒక ఉదయం అక్కను పంచలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. నేను ఒక మాట అంటాను, వెంటనే నీకు తోచిన మాట చెప్పు అన్నాను. ఎద్దు అన్నాను. ఉప్పు అన్నాను. బావి అన్నాను. ముప్పై మాటలు అన్నాను. అక్క చేటలో గింజలు చెరుగుతూనే ఉంది. ‘పాప’ అన్నప్పుడు ఒక్కసారి తలెత్తి నా మొహంలోకి చూసింది. నోటుపుస్తకంలో ఆ మాట ఎదురుగానూ ‘సమాధానం లేదు’ అనే రాశాను. చివర్లో నా తీర్పు రాశాను. ‘వాక్కు నశించినది. ప్రజ్ఞ మందగించినది. మానసిక వైకల్యము.’ కింద తేదీ వేసి సంతకం కూడా చేశాను. కొత్తగా నేర్చుకున్న సంతకం, తోక బాగా తిరిగేది.

వారం తిరగకముందే బావ వచ్చాడు. బావ చెడ్డవాడని రాయలేను. పొలం బాగా చేసేవాడు, తాగేవాడు కాదు. మా ఇంటి ముందు బండి నిలిపి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“ఏమప్పా, నువ్వు మనసు చదువు చదువుతాండావంట?”

“అవును బావా.”

“మీ అక్కకు ఏమయిందో నీకు తెలిసిందా?”

తెలిసిందన్నాను. నోటుపుస్తకం తెచ్చి చూపించాను. ఆయన రెండుసార్లు చదివాడు. “ఈ కాగితం నాకిస్తావా?” అన్నాడు.

ఇన్నేళ్లూ ఈ చోట ‘బావ నా చేతిలోంచి లాక్కుని పోయాడు’ అని చెప్పుకొచ్చాను. లాక్కోలేదు. ఇచ్చాను. చిరగకుండా ఉండాలని స్కేలు పెట్టి చించి, మడత నలగకుండా ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను.

ఆయన లోపలికి పోయి నాయనతో మాట్లాడాక గానీ నాకు సంగతి అర్థం కాలేదు. కొత్త చట్టం వచ్చింది, పెళ్లాం ఉండగా ఇంకొకామెను కట్టుకోకూడదు. ఆమెకు మతి లేదని తేలితే విడాకులకు దారి ఉందని వకీలు చెప్పాడట. “మామా, నాకు కొడుకు కావాల. అట్లని ఆమెను పారేయను, ఏటికి రెండు మూటల గింజలు పంపిస్తా. పాప మాత్రం మా తావే ఉంటాది. పిచ్చిదాని చేతికి ఆడబిడ్డను ఎవురిస్తారు?”

నాయన నా వైపు తిరిగాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ మాత్రం ఊరుకోలేదు. “నీ చదువుకు మన్నుబొయ్య! అక్కకు అన్నం పెడతావనుకుంటే కాగితం పెడితివి గదరా.”

అక్క గోడకు ఆనుకుని అంతా విన్నది. మాట్లాడలేదు.

అప్పటికి విత్తనం కాలం దగ్గరికొచ్చింది. మా పక్క విత్తనానికి వేరుశనగను కర్రతో కొట్టరు. కొడితే పప్పు మీది పొర లేచిపోయి మొలక రాదు. చేత్తో ఒలవాలి. ఊళ్లో ఉన్న ఒక పెద్ద రైతు కొట్టంలో ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరుసగా కూర్చుని, తడిపిన కాయను బొటనవేలితో నొక్కి ఒలిచేవాళ్లు. మూడో రోజుకు వేళ్లు పగిలిపోయేవి. ఆ పనికి పెద్ద మా నాయన చిన్నమ్మ, నాకు అవ్వ. ఎనభై ఏళ్లకు దగ్గరలో ఉండేది. ఒకరోజు వచ్చి అక్క చెయ్యి పట్టుకుని లేపింది. “దీన్ని నా కాడికి తోలండి. ఈడ గోడను చూస్తా కూసుంటే ఏమొస్తాది?”

నేను రోజూ అక్కడికి పోయేవాణ్ణి. నా తప్పు దిద్దుకోవాలని కొంత, చూడాలని కొంత. బయట ఉన్నప్పుడు లోపల ఒకటే మాటలు, నవ్వులు. నేను వాకిట్లోకి పోగానే అన్నీ ఆగిపోయేవి. పంతులు కాబోయేవాడిని, మర్యాద అనుకున్నాను. ఒకరోజు అవ్వను బయటికి పిలిచి అడిగాను.

“అవ్వా, నీ వైద్యం ఏమిటి?”

“వైద్యమేముండాది నాయనా. దిగులు పట్టినోళ్లతో ఎదురుగా మాట్లాడకూడదు. ఊరికే పక్కన కూసోబెట్టుకోని, వాళ్ల కథనే మనం తప్పు తప్పుగా చెప్పుకోవాల. దాని పెండ్లి చెప్తాం, పెండ్లిలో బూందీ పెట్టిరి అంటాం. పెట్టింది పాయసం. దాని మామ నల్లనోడంటాం. వినీ వినీ ఒకనాటికి ఓర్చుకోలేక, అది కాదు అంటాది. అనిందంటే బయటపడినట్టే.”

“దీనికి ఆధారం ఏముంది అవ్వా?”

“నీ కాగితానికి ఏముండాది?”

నేను కొట్టం వెనక్కు పోయి గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. సంస్కారం లేని పని, తెలుసు. లోపల ఒకామె మా అక్క పెళ్లినాటి సంగతి చెబుతోంది. పెండ్లిబండి ఇరుసు బత్తలపల్లె వాగులో విరిగిందట. అప్పుడు విన్నాను. అక్క గొంతే. “బత్తలపల్లె కాదు.”

అంతే. మళ్లీ కాయలు పగిలే చప్పుడు. నేను ఆ వెనకాలే ఎండలో గంతులు వేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను, ఒక మేక చూసింది.

మర్నాడే అనంతపురం పోయి లెక్చరరు గారి ముందు నిలబడి అంతా చెప్పాను. కాగితం సంగతి వినగానే ఆయన మొహం ఎర్రబడింది.

“అరగంటలో తేల్చేశావా? పైగా సంతకం కూడానా? నేను నీకు ఇదేనా నేర్పింది?”

“తప్పయిపోయింది సార్. మీరొచ్చి అక్కకు ఏమీ లేదని రాసిస్తే...”

“చూడకుండా ఏం రాయను? నువ్వు చేసిందే నన్నూ చేయమంటావా? వచ్చే నెల మీ వైపు బడుల్లో పిల్లలకు పరీక్షలు చేయాలి, అప్పుడు చూస్తాను. ఏది కనిపిస్తే అది రాస్తాను. మీ అక్కగారు కదా అని మార్చను. ఆలోచించుకో.”

ఈ మాటకు నేను ఇప్పటికీ ఆయనకు దండం పెడతాను. శాస్త్రంలో నాకు నచ్చినది ఆ మొండితనమే. చూడకుండా రాయను అనడం. మా పాత మాటల్లో ఆ అలవాటు తక్కువ. గాలి అన్నవాడు తన మాట తప్పని తేలినా మళ్లీ గాలి అనే అంటాడు.

బావకు కబురు పంపితే, పెద్ద సారు ఏది రాస్తే దానికే కట్టుబడతానన్నాడు. ఇక అంతా ఒక్క రోజు మీదికి వచ్చింది. అక్క మాట్లాడకపోతే నా కాగితం మీద ఇంకో కాగితం, దానికి నా సంతకం కన్నా బలమైన సంతకం పడతాయి. పాప ఇక రాదు.

ఆరుద్ర కార్తె, విత్తనాలు పడాల్సిన అదను. మబ్బులు వస్తున్నాయి, గాలి తోలుకుపోతోంది. ఒక్క చినుకు లేదు. లెక్చరరు ఉదయం బస్సుకు వచ్చి బడి పంచలో బల్ల వేసుకుని ముందు పిల్లల్ని పరీక్షించాడు. ఆయన దగ్గర ప్రశ్నల కాగితమూ, దానికి ఒప్పు జవాబుల కాగితమూ ఉన్నాయి. అందులో ఒక ప్రశ్న. “వాన వస్తే ఏం చేస్తావు?” ఒప్పు జవాబు: ఇంట్లోకి వెళ్తాను, లేదా గొడుగు పట్టుకుంటాను.

“బయటికి ఉరుకుతా సార్!” అన్నాడు మొదటివాడు.

తప్పు.

“మా నాయనను లేపుతా.”

తప్పు.

“చూరు కింద గంగాళం పెడతాం సార్, బిందె పెడతాం, చెంబు పెడతాం...”

తప్పు.

పోస్టాఫీసాయన కూతురు ఒక్కతే గొడుగు అన్నది. వాళ్లు నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చారు. లెక్చరరు జేబురుమాలుతో మొహం తుడుచుకుని నా వైపు చూశాడు. “ఏమిటయ్యా, ఒకే ఊళ్లో ఇంతమంది మందబుద్ధులా?” మా ఊరి పిల్లల జవాబు నాకు తెలుసు, నేనూ బయటికి ఉరికినవాణ్ణే. కానీ ఆ కాగితం అచ్చులో ఉంది. అచ్చులో ఉన్నదాన్ని కాదనే ధైర్యం అప్పటికి నాకు లేదు.

తర్వాత అక్క. నాయన, అమ్మ, అవ్వ, బావ, ఆయన తెచ్చుకున్న ఇద్దరు పెద్దమనుషులు, బడి అయ్యవారు, ఒలిచే ఆడవాళ్లు ముగ్గురు, నేను. లెక్కపెట్టండి, పదకొండు మంది. పిల్లల్ని ఇంటికి పంపేశారు. నాలుగు వందలు అంటే ఇదే.

పేరు అడిగాడు. మాట లేదు. బొమ్మల అట్టలు చూపించాడు. పిల్లి ఏది, కాలిచెప్పు ఏది. మాట లేదు. బావ చేయి జేబు మీదే ఉంది. లెక్చరరు కాగితం మీద ఏదో గీత పెట్టుకుంటున్నాడు. గీత తర్వాత గీత. అమ్మ కళ్లు మూసుకుంది.

“సరే అమ్మా. వాన వస్తే ఏం చేస్తావు?”

అక్క ఆయన మొహంలోకి చూసింది.

“ఏ కార్తెలో వానప్పా?”

“సారూ అనాలమ్మే!” అన్నాడు నాయన. నాలుగు నెలల తర్వాత కూతురు నోరు విప్పితే ఆయన అన్న మొదటి మాట అది.

“ఏమన్నావమ్మా?” అన్నాడు లెక్చరరు.

“ఏ కార్తెలో అని అడుగుతాండా. ఆరుద్రలో వస్తే గొర్రు కట్టాల, ఇత్తనం పడాల. చిత్తలో వస్తే పీకి ఆరేసిన సెనిక్కాయ తడిసి బూజు పడతాది, ఉరికిపోయి కుప్పకెత్తి వామి వేసుకోవాల. ఊరికే వాన వస్తే అంటే ఏం చెప్పేది? ఈ పొద్దే వచ్చిందనుకో, నా బిడ్డ ఆ ఇంటి పంచలో తడుస్తా ఉంటాది. దాన్ని ఎత్తుకొచ్చుకోవాల నేను.”

ఆయన తన ఒప్పు జవాబుల కాగితం తీశాడు. పైకీ కిందికీ చూశాడు. గొడుగు ఉంది, ఇల్లు ఉంది. కార్తె లేదు. మెల్లగా నవ్వాడు. “ఈ కాగితం వానలు పడే ఊళ్లో రాశారండీ” అన్నాడు. ఎవరితోనో తెలియదు.

అన్నీ ఒప్పుకునే చోటు ఇదే. ఆ ప్రశ్న నాది కాదు, అక్కది. ఆయన నోరు మూతపడలేదు. మధ్యాహ్నం బస్సుకు పోలేదు. మా ఇంట్లో రాగి సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని, కారానికి ముక్కు ఎగబీలుస్తూ, పిల్లల్ని మళ్లీ పిలిపించి ఆ ఒక్క ప్రశ్న మార్చి అందర్నీ మొదటి నుంచి అడిగాడు. సాయంత్రం బావ చేతికి కాగితం ఇచ్చాడు. ప్రశ్న అర్థం చేసుకోవడమే కాదు, ప్రశ్నలో ఉన్న లోపాన్ని కూడా ఆమె పట్టుకుందనీ, మతి చెడిందనడానికి తనకు ఏదీ కనబడలేదనీ రాశాడు. చివర ఒక మాట రాసి కొట్టేసి, మళ్లీ అదే మాట రాశాడు. ‘దిగులుతో ఉన్నది.’ ఈ మాట కొలవలేమన్నారు కదా సార్ అని నేను అడగలేదు. అడిగానని చాలాచోట్ల చెప్పాను.

బావ జేబులో ఉన్న నా కాగితాన్ని అందరి ముందూ చించేసింది కూడా నేను కాదు. అమ్మ. పాప పదిరోజుల్లో మా ఇంటికి వచ్చింది. అక్కా బావా మళ్లీ కలిసి ఉండలేదు, ఎవరి దారిన వాళ్లు బతికారు. పాప మా ఇంట్లోనే పెరిగి పెద్ద చదువు చదివింది.

అందుకని నేను తలవంచను. శాస్త్రాన్ని తిట్టను, అది చూడకుండా రాయనంటుంది కాబట్టి. మా మాటల్నీ వదలను, అవి మనిషి పక్కన ఏం చేయాలో చెబుతాయి కాబట్టి. దిగులు అనగానే అమ్మ అక్క పక్కన చాప వేసుకుంది. వైకల్యం అని నేను సంతకం పెట్టి అన్నానికి పోయాను. కొలిచేవాళ్లు కొలుచుకోనీ. నా అక్క మాట తిరిగి వచ్చింది మాత్రం ఒలిచే కొట్టంలో, ఆ ముసలమ్మ పద్ధతిలో. దీన్ని ఏ పుస్తకం కాదన్నా నేను ఒప్పుకోను.

ఇంతవరకూ రాసి, మొన్న అక్కకు చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు కళ్లు ఆనవు, చెవులు బాగా పనిచేస్తాయి. మంచం మీద పడుకుని కాళ్లు చాపుకుని అంతా విన్నది.

“అయిపాయనా?”

“అయింది. ఎట్లుండాది?”

“బాగుండాది గానీ, తప్పు రాసినావు.”

“ఎంతమంది వచ్చింది నేనే ఒప్పుకున్నా కదక్కా.”

“మందిని ఎంత పెంచుకుంటావో పెంచుకో, నాకేమి. అవ్వ కథ తప్పు. అవ్వకు నేను కొట్టానికి పోయిన మొదటి దినమే చెప్పినా.”

“ఏమని?”

“ఏమనేమి? నేను ఆ ఇంటికి పోనని. నోరు తెరిస్తే బాగయిపాయ అని బండి కడతారు. మూసుకుంటే ఈడే ఉంటా. ఆ కొట్టంలో ఉండే ఆడోళ్లందరికీ తెలుసు. పొద్దంతా మాట్లాడుకుంటానే ఉంటిమి. నువ్వొచ్చి వాకిట్లో నిలబడితే ఊరుకుంటాంటిమి.”

“మరి తప్పు తప్పుగా చెప్పే వైద్యం?”

“దినామూ వచ్చి ప్రాణం తీస్తాంటివి గదా, వైద్యమేమి, ఆధారమేమి అని. ఏదో ఒకటి చెప్పి పంపించింది ఆయమ్మ. నువ్వు అది పట్టుకోని అరవై ఏండ్లు ఊరేగినావు.”

“అమ్మకు?”

“అమ్మకు మూడో దినానికే తెలిసిపాయ. నాయనకు చెప్పద్దని ఒట్టేయించుకున్యా.”

“ఆ పొద్దు సారు పేరడిగితే చెప్పలేదే మరి?”

“మాట్లాడదామనే వచ్చినా. నీ కాగితం చూసినంక ఇంకేం చేసేది, పాప పోతాదని వచ్చినా. ఆయప్ప ఏమో పిల్లి యాడుండాది, చెప్పు యాడుండాది అంటాడు. నాకు సిగ్గయింది. వాన అన్యాడు, అప్పుడు మాట్లాడినా.”

“అంటే దిగులు లేదా అక్కా? నాయన అన్నట్టు మంకేనా?”

ఆమె చప్పున లేచి కూర్చుంది. “ఎందుకు లేదు? పోయింది నా బిడ్డరా. దిగులుండె. దిగులుండేదానికి తెలివి ఉండకూడదా?”

నేను కలం తీశాను. ఎక్కడ దిద్దాలో తెలియక కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను.

“ముందు అది కొట్టెయ్” అంది అక్క. “నా మాట తిరిగొచ్చిందని రాసినావే, అది. మాట యాడికీ పోలేదు. మీతో మాట్లాడలేదు, అంతే.”